పిల్లలతో పొలం ఆట: ఏ చేతిపని ఎంచుకోవాలి, ఏ చిరుతిండి పెట్టాలి?

ప్లేస్కూల్ డైరీలో చీటీ వస్తుంది: "వచ్చే శుక్రవారం ఫార్మ్ డే. ప్రతి ఒక్కరూ ఒక క్రాఫ్ట్, ఒక స్నాక్ తీసుకురావాలి." ఆ సాయంత్రమే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో టెన్షన్ మొదలవుతుంది. ఒకరు ఆన్‌లైన్ కిట్ లింకు పెడతారు, ఇంకొకరు వీడియో పెడతారు. చివరికి గురువారం రాత్రి పదకొండింటికి అమ్మానాన్నలే కూర్చుని అట్టముక్కలు కత్తిరిస్తుంటారు. చెయ్యాల్సిన పిల్ల ఎప్పుడో నిద్రపోయి ఉంటుంది.

మాకిద్దరు పిల్లలు. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నోడికి మూడు. వైజాగ్‌ ఎంవీపీ కాలనీలో ఉంటాం. రెండేళ్లుగా ఆదివారం పొద్దున్న మా సెల్లార్‌లో చాప పరిచి, బిల్డింగ్‌లో ఉన్న ఏడెనిమిది మంది పిల్లలతో పొలం బొమ్మలు చేయిస్తున్నాను. పని అయ్యాక అందరికీ తినడానికి ఏదో ఒకటి పెడతాను. అలా చాలా రకాలు చేసి చూశాను. ఏది ఏ వయసుకు నప్పుతుందో, ఏది వైజాగ్ గాలికి నిలవదో, ఏది చూడ్డానికి బాగుండి పిల్లల చేతికి మాత్రం అందదో తెలిసింది. ఎంచుకునేటప్పుడు నేను ముందుగా చూసేది ఒక్కటే. చేతిపనికి కావలసిన సరుకూ, తిండికి కావలసిన సరుకూ ఒకే కూరగాయల సంచిలోంచి వస్తాయా? మొక్కజొన్న తిన్నాక మిగిలిన కండె, బఠాణీ ఒలిచాక మిగిలిన తొక్క బొమ్మలోకి వెళ్తే, మనం తినేది పొలంలోంచి వస్తుందని పిల్లలకు వేరే పాఠం చెప్పక్కర్లేదు.

కిట్ కొనాలా, సంచీ పట్టుకుని బజారుకు వెళ్లాలా

కిట్‌లో సుఖం ఉంది, కాదనను. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే, కత్తిరించిన ముక్కలు, జిగురు, రంగులు అన్నీ ఒక్క డబ్బాలో రావడం పెద్ద సాయం. నాలుగు దాటిన పిల్లలు బొమ్మ చూసి ముక్కలు అతికించగలరు కూడా.

కానీ ఆ కిట్‌లో ఉండే పొలం ఏది? ఎర్రటి చెక్క కొట్టం, గులాబిరంగు పంది, నలుపూ తెలుపూ మచ్చల ఆవు. ఆ ఆవుకి మూపురం ఉండదు. మా అమ్మావాళ్ల ఊరు సబ్బవరం వైపు. అక్కడ పశువుల సాల, గడ్డికుప్ప, గేదెలు, గట్టు మీద తాటిచెట్లు ఉంటాయి. కిట్ బొమ్మ పూర్తయ్యాక మా పాప అడిగింది, "అమ్మా, తాతయ్య పొలంలో పంది ఎందుకు లేదు?" అని. ఆ మరుసటి వారం కిట్ పక్కన పెట్టి మట్టి తెచ్చాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక దుకాణంలో కొన్న కిట్‌లో జంతువులకు అతికించే ప్లాస్టిక్ కళ్లు వచ్చాయి, కదిలే నల్లగుడ్డు ఉంటుందే, అవి. మర్నాటికి ఒక కన్ను ఊడింది. అది మా చిన్నోడి నోట్లో దొరికింది. వాడికి అప్పుడు రెండేళ్లు. డబ్బా మీద వయసు చాలా చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. కాబట్టి ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే, పెద్దవాళ్ల కోసం కొన్న కిట్‌లోనైనా ఆ కళ్లు, పూసలు, బటన్లు ముందే తీసేయండి. కన్ను కావాలంటే స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టినా సరిపోతుంది.

రెడీమేడ్ బొమ్మే కొనాలనుకుంటే నా ఓటు ఏటికొప్పాకకు. అనకాపల్లి దాటాక వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్రను తిప్పుతూ లక్క అద్ది చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగింది కూడా ఈ బొమ్మలే. మొక్కల నుంచి తీసిన రంగులు వేసినవి అడిగి తీసుకోండి. అంచులు నున్నగా ఉంటాయి, ఏళ్ల తరబడి ఉంటాయి. పిల్లలు చేసిన మట్టి పొలంలో ఏటికొప్పాక ఎడ్లబండి ఒకటి నిలబెడితే, ఆ ఆట నెలంతా సాగుతుంది.

లేదంటే సంచీ పట్టుకోండి. రైతు బజార్లు మన దగ్గర 1999లో మొదలయ్యాయి. ఎంవీపీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, గాజువాక, ఎక్కడున్నా ఏదో ఒకటి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని ఉదయం ఏడింటికే వెళ్లండి. సగం పని అక్కడే అయిపోతుంది. ఏ కాయ నేల లోపల కాస్తుందో, ఏది తీగకు కాస్తుందో అమ్మేవాళ్లే చెబుతారు. నేను ఓసారి ముదిరిన బెండకాయలు ఏరుతుంటే అక్కడి పెద్దావిడ ఆపింది.

"ఏటమ్మా, ముదురువి ఏరుతున్నావు? లేతవి ఇటున్నాయి గదా."

"ముదురువే కావాలి పిన్నిగారూ. పిల్లలు ముద్రలు వేస్తారు."

ఆవిడ కాసేపు నా మొహం చూసి, బుట్ట అడుగునుంచి చెయ్యంత పొడుగున్నవి నాలుగు తీసి, "ఇవి తీసుకెళ్లు, డబ్బులొద్దు" అని మా పాప చేతిలో పెట్టింది. ఇప్పటికీ మా పాప ఆవిణ్ణి బెండకాయ అమ్మమ్మ అనే అంటుంది.

ముద్రలు: రెండేళ్ల నుంచీ అందరికీ

మొదటిసారి చేయించేవాళ్లు దేనితో మొదలుపెట్టాలని అడిగితే కూరగాయ ముద్రలనే చెబుతాను. తప్పు చేయడానికి వీల్లేని పని ఇది. ముదురు బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు కనిపిస్తుంది. తొడిమ వైపు ముక్క చిన్న చేతికి పిడిలాగా పనికొస్తుంది. కాకపోతే గంట ముందే కోసి బట్ట మీద బోర్లించి ఉంచండి. లేకపోతే జిగురు కారి రంగు పలచబడుతుంది. సగానికి కోసిన ఉల్లిపాయ చక్రాలు వేస్తుంది, బండికి అవే చక్రాలు. బంగాళదుంప మీద ఆవు ఆకారం చెక్కాలని మాత్రం తంటాలు పడకండి. నేను అరగంట చెక్కాను, పిల్లలు రెండు ముద్రలు వేసి మళ్లీ బెండకాయ దగ్గరికే పోయారు.

వీటన్నిటికంటే నాకు నచ్చింది మొక్కజొన్న కండె. ఉడికించిన పొత్తు తిన్నాక మిగిలిన కండెను కడిగి ఆరబెట్టి, గోధుమరంగులో దొర్లించి కాగితం మీద అప్పడాలకర్రలా నడిపిస్తే చాళ్లు పడతాయి, అచ్చం దున్నిన నేలలాగే. దాని మీద పచ్చరంగు వేలిముద్రలు వేస్తే మొలకలు. ఆర్కే బీచ్‌లో కాల్చిన పొత్తు తిని వచ్చిన రోజు కూడా ఆ కండెలు పారేయకుండా ఇంటికి తెచ్చుకోవచ్చు.

రంగులు కొనేవా, ఇంట్లోవా? మూడేళ్లలోపు పిల్లలైతే ఇంట్లోవే, చేతులు నోట్లోకి వెళ్తాయి కాబట్టి. పసుపు చక్కగా పడుతుంది. పాలకూర రసం లేతగా వస్తుంది. బీట్‌రూట్ తడిగా ఉన్నప్పుడు ఎంతో అందంగా ఉండి, ఆరాక గోధుమరంగుకి తిరుగుతుంది, అది ముందే తెలిస్తే నిరాశ ఉండదు. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది. పిల్లల కళ్లు ఇంతింతవుతాయి, పదిసార్లు చేయమంటారు. పారాణికి సున్నం కలిపేది ఇందుకే. అయితే సున్నం చర్మాన్ని కాలుస్తుంది, పిల్లల పనికి సోడాయే వాడండి. బట్టల మీద పసుపు పడితే కంగారు పడొద్దు. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది కానీ, ఉతికి ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు మామూలు వాటర్ కలర్స్ హాయిగా ఇవ్వచ్చు. స్కూలుకు పంపి గోడకు అంటించే బొమ్మకైతే అవే మేలు, ఇంటి రంగులు వారంలో వెలిసిపోతాయి.

మట్టి, ఉప్పుపిండి, చపాతీ పిండి

ఆవులు, ఎడ్లు, కోళ్లు చేయించాలంటే ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. వైజాగ్‌లో ఇక్కడే చాలామంది పొరబడతారు.

వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఉప్పుపిండి. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ముప్పావు కప్పు పైన నీళ్లు కొద్దికొద్దిగా. కలపడం సులువు, తెల్లగా నున్నగా వస్తుంది, ఓవెన్లో సన్నని వేడి మీద ఎండబెడితే గట్టిపడుతుంది. కానీ ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది. మన ఊరి సముద్రపు గాలి సంగతి తెలిసిందే కదా. జూలైలో మేం చేసిన కోడిపిల్లలు నాలుగు రోజుల్లో చెమ్మగిల్లి, వారానికి మెడలు వాలిపోయాయి. రంగు కూడా ఊడి వచ్చింది. చలికాలంలో చేస్తే, పూర్తిగా ఎండాక పైన వార్నిష్ పూత పూస్తే కొంత నిలుస్తుంది. ఇంకో ప్రమాదం, అందులో ఉప్పు చాలా ఎక్కువ. ఒక ముద్ద మింగినా చిన్నపిల్లలకు మంచిది కాదు, ఇంట్లో కుక్కపిల్ల ఉంటే దానికి మరీ ప్రమాదం. రెండేళ్ల పిల్లల చేతికి ఇది ఇవ్వకండి.

వాళ్లకు చపాతీ పిండి చాలు. సగం ముద్దకు పసుపు, సగానికి బీట్‌రూట్ రసం కలిపి ఇస్తే గంటసేపు నలుపుతూ ఉంటారు. బొమ్మ నిలవదు, సాయంత్రానికి పారేయాల్సిందే. ఆ వయసుకి బొమ్మ నిలవాల్సిన అవసరం కూడా లేదు, నలపడమే వాళ్ల ఆట.

మూడున్నర, నాలుగేళ్ల నుంచి నేను బంకమట్టికే మొగ్గుతాను. కుమ్మరివాళ్లను అడిగితే ఇస్తారు, వినాయక చవితి రోజుల్లో బజార్లలోనే దొరుకుతుంది. పార్కులోనో, రోడ్డు పక్కనో తవ్వుకొచ్చిన మట్టి వద్దు, గాజుపెంకులూ చెత్తా ఉంటాయి. తెచ్చిన మట్టిలో రాళ్లూ పుల్లలూ ఏరి, తడిబట్ట కప్పి ఒక రాత్రి ఉంచితే వెన్నలా అవుతుంది.

ఎద్దు చేయించేటప్పుడు నిలబడ్డ ఎద్దు చేయించకండి. సన్నని కాళ్లు ఆరేటప్పుడు విరుగుతాయి, పిల్లలు ఏడుస్తారు. పడుకుని నెమరువేస్తున్న ఎద్దు చేయమనండి. కోడిగుడ్డంత ముద్ద ఒళ్లు, నిమ్మకాయంత ముద్ద తల. రెండూ కలిపేచోట నీళ్లు కాకుండా, అదే మట్టిని పలచగా జారుగా కలిపి పూయాలి. అప్పుడే అతుకు ఊడదు. కొమ్ములకు చీపురుపుల్ల ముక్కలు గుచ్చాలి. చివరికి మూపురం. "ఒంగోలు గిత్తకు ఎంత మూపురం ఉంటుందో అంత పెట్టండి" అంటే ఒకడు తలకంటే పెద్దది పెట్టాడు, పెట్టి దాన్ని నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. వానాకాలంలో నాలుగైదు రోజులు పడుతుంది. కాబట్టి శుక్రవారం స్కూలుకు కావాలంటే ఆదివారమే చేయించాలి. గురువారం గుర్తొస్తే మట్టి మాట మరిచిపోయి ముద్రలు వేయించండి.

ఆరిన ఎద్దుకు పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టడం వాళ్లకు ఎంతో ఇష్టం. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక వస్తుంది, ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులేసి మొదటి చాలు దున్నే రోజు. జనవరిలో కనుమ పశువుల పండగ. ఈ రెండింట్లో ఒకదానికి ముందు వారం మట్టి ఎద్దు చేయిస్తే, ఊరికి తీసుకెళ్లినప్పుడు నిజం ఎద్దు దగ్గర పిల్లలు ఎక్కువసేపు ఆగుతారు. కొమ్ములు ఎటు తిరిగాయో, మూపురం ఎక్కడ మొదలవుతుందో చూస్తారు.

గింజలు అతికించే పని

కాగితం మీద కోడి బొమ్మ గీసి, కందిపప్పు, పెసలు, బియ్యం అతికించడం స్కూళ్లలో బాగా చేయిస్తారు. చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఐదేళ్ల పిల్లలకు వేళ్లకు మంచి పని కూడా. పురుగు పట్టిన పప్పులు వాడితే వృథా కాదు. గోడకు పెట్టాక చీమలు మాత్రం తప్పవు. అదే ఇల్లు కప్పడానికి వరిగడ్డి, నేలకు ఊక అతికిస్తే చీమల బెడద ఉండదు, పెందుర్తి, ఆనందపురం వైపు పాడి ఉన్న ఏ ఇంట్లో అడిగినా గుప్పెడు గడ్డి ఇస్తారు.

నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజల పని వద్దు. ముక్కులో పెట్టుకుంటారు, చెవిలో పెట్టుకుంటారు. శనగ, బఠాణీ లాంటివి ముక్కులో తడికి ఉబ్బి ఇంకా బిగుసుకుంటాయి. అలా జరిగితే పుల్లతోనో వేలితోనో లాగకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఏ వయసుకైనా ముట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ఎర్రగా నల్లబొట్టుతో ముద్దుగా ఉండే గురివింద గింజలు బొమ్మకు కళ్లుగా బాగుంటాయని పెద్దవాళ్లే ఏరి ఇస్తుంటారు. ఆ గింజ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలూ అంతే. గన్నేరు, ఉమ్మెత్త పూలూ ఆకులూ అలంకరణకు వాడొద్దు. పచ్చి జీడిగింజ పెంకులోని నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, అవి తోటలోనే వదిలేయండి.

వేసవి అయితే ముంజికాయల బండి

దీనికి పోటీ వచ్చే చేతిపని నాకు తెలియదు. ముంజెలు తిన్నాక మిగిలిన రెండు కాయలను పుల్లతో కలిపి, పొడుగాటి పంగలకర్రతో తోస్తే బండి. కోయడం, గుచ్చడం పెద్దవాళ్లవంతు, తోయడం పిల్లలవంతు. నాలుగేళ్లు దాటాలి, పరిగెత్తడానికి చోటు కావాలి. ఇంట్లో తాతయ్య ఉంటే ఈ పని ఆయనకే ఇవ్వండి. మా నాన్న రెండు బండ్లు పది నిమిషాల్లో కట్టి, రెండో దాన్ని తానే తోసుకుంటూ సెల్లార్ అంతా తిరిగాడు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా ముంజెలున్నన్నాళ్లే ఈ అవకాశం. ముంజె పిల్లలకు పెట్టేటప్పుడు పై పొర ఒలిచి, చిన్న ముక్కలు చేసి ఇవ్వండి, గుండుగా ఇస్తే జారి గొంతుకు అడ్డం పడొచ్చు.

తిండి: బొమ్మలా కనిపించేదా, పని ఉన్నదా

పొలం పేరుతో పిల్లలకు పెట్టే చిరుతిళ్లు రెండు రకాలు. ఒకటి జంతువులా అలంకరించి ఇచ్చేది. రెండోది పిల్లలే ఒలిచి, దంచి, ఉండ చుట్టి తినేది.

మొదటి రకంలో మన ఇళ్లకు నప్పేది ఇడ్లీ కోడిపిల్ల. పిండిలో చిటికెడు పసుపు కలిపి చిన్న ఇడ్లీలు వేసి, ఉడికించిన క్యారెట్ ముక్కతో ముక్కు, రెండు నల్ల నువ్వులతో కళ్లు పెట్టాలి. మిరియాలు పెట్టకండి, కొరికితే కారం, మింగితే అడ్డం. స్కూలు డబ్బాకు ఇది బాగుంటుంది, మధ్యాహ్నం దాకా మెత్తగానే ఉంటుంది. అరటిపండు చక్రాలతో గొంగళిపురుగు, ఆపిల్ ముక్కలతో ట్రాక్టర్ లాంటివి పది నిమిషాల్లో నల్లబడతాయి, ఇంట్లో అప్పటికప్పుడు తినడానికే. టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టేవి ఏవైనా సరే, చిన్నపిల్లల పళ్లెంలోకి రానివ్వను.

మనసుపెట్టి చేయించేది మాత్రం రెండో రకమే. అందులో చలికాలపు కందికాయలకు సాటి లేదు. డిసెంబరు, జనవరిల్లో పచ్చి కందికాయలు బజారులో గుట్టలుగా పోస్తారు. కడిగి, ఉప్పు వేసి పావుగంట పైన ఉడికించి, వడగట్టి పెద్ద పళ్లెంలో పోయండి. పిల్లలు చుట్టూ కూర్చుని ఒలుచుకుని తింటారు. అరగంట చప్పుడుండదు. మూడేళ్ల మా చిన్నోడు కూడా కాయ అంచు గోటితో నొక్కి తెరవడం నేర్చుకున్నాడు. వాడు తెరిచిన గింజలు నేను వేలితో చిదిమి ఇస్తాను.

ఉడికించక ముందు ఒకసారి పచ్చికాయలు విప్పుతుంటే ఒకదాంట్లో పచ్చ పురుగు బతికే ఉంది. సగం గింజ తిని, మిగతా సగం మీద పడుకుని ఉంది. ఇద్దరు పిల్లలు కెవ్వుమన్నారు, మిగిలినవాళ్లు తలలు దూర్చి చూశారు. "అది మన కందికాయ ఎందుకు తింటోంది?" అని ఒకరు. "దానికీ ఆకలేస్తుంది కదా" అని మా పాప. రైతు ఆ పురుగుతో ఎంత అవస్థ పడతాడో అప్పుడు చెప్పాను, అందరూ విన్నారు. దాన్ని ఆకులో పెట్టి కింద మొక్కల్లో వదిలి వచ్చారు. తిన్నాక మిగిలిన తొక్కలు ఆ రోజు పడవలయ్యాయి, ఒక్కో పడవలో మట్టి రైతు ఒకడు.

కందికాయలు లేని కాలంలో చోడి ఉండలు, అంటే రాగి ఉండలు. ఒక కప్పు చోడిపిండిని సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా, ఎనిమిది పది నిమిషాలు వేయించి, ముప్పావు కప్పు బెల్లం తురుము, రెండు చెంచాల నువ్వుల పొడి, సరిపడా కరిగిన నెయ్యి కలపాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు పళ్లెంలో పోసి పిల్లలకిస్తే ఉండలు వాళ్లే చుడతారు. పాకం పట్టే పని లేదు కాబట్టి చేతులు కాలవు. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, పాలు తాగని పిల్లలకు ఇది మంచి దారి. బెల్లం అనకాపల్లిదైతే చెప్పేదేముంది. మరీ తెల్లగా మెరిసేదాని కంటే ముదురు రంగు అచ్చు తీసుకోండి. పల్లీ చిక్కీ కంటే చోడి ఉండను పైన పెట్టడానికి ఇంకో కారణం మన వాతావరణమే. చిక్కీ డబ్బాలో రెండు రోజులకే చెమ్మెక్కి సాగుతుంది, పైగా గుండు పల్లీలు నాలుగేళ్లలోపు వాళ్లకు పెట్టకూడదు. పాప్‌కార్నూ అంతే. ద్రాక్షపండ్లు నిలువునా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి.

స్కూల్లో అందరికీ చూపించేలా ఏదైనా కావాలంటే ఐదు గిన్నెలు పంపండి: వడ్లు, బియ్యం, అటుకులు, పేలాలు, మురీలు (మరమరాలు). వడ్లు నానబెట్టి వేయించి దంచితే అటుకులు, వేడి ఇసుకలో వడ్లు పేలితే పేలాలు, ఉప్పుడు బియ్యాన్ని వేడి ఇసుకలో వేపితే మురీలు. బీచ్‌లో తినే మురీ మిక్చర్ వరిచేలోంచే వచ్చిందని తెలిసిన రోజు మా పాప దాన్ని ఒక్కో మురీ చొప్పున చూస్తూ తింది. వడ్ల గిన్నె మాత్రం చూడ్డానికే, ఊక గొంతులో గుచ్చుకుంటుంది. ఆ అటుకుల్లోనే బెల్లం, కొబ్బరి తురుము కలిపి చిన్న గిన్నెతో బోర్లిస్తే గడ్డికుప్పలు. క్లాసుకంతటికీ సరిపోతుంది, నిమిషంలో అయిపోతుంది.

మీ ఇంటికి ఏది

రెండేళ్ల పిల్ల అయితే చపాతీ పిండి, పసుపు నీళ్ల బెండకాయ ముద్రలు, మెత్తటి ఇడ్లీ. పది నిమిషాలు కూర్చుంటే అదే ఎక్కువ, లేచి వెళ్తే వెళ్లనివ్వండి. మూడు, నాలుగేళ్ల మధ్య కండెతో చాళ్లు వేయించండి, చోడి ఉండలు చుట్టించండి. నాలుగు దాటితే మట్టి ఎద్దు, అటుకుల గడ్డికుప్ప, ముంజికాయల బండి. ఐదారేళ్లకు గింజలు, కందికాయలు ఒలిచి చిన్నవాళ్లకు ఇచ్చే బాధ్యత కూడా.

ఇంట్లో ఇద్దరు వేర్వేరు వయసుల పిల్లలుంటే చిన్నవాళ్లకు ఏది భద్రమో అదే ఇద్దరికీ పెట్టండి. పెద్దదానికి గింజల పని ఇచ్చి, చిన్నోణ్ణి పక్క గదిలో ఉంచుదామని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ వాడు వచ్చేశాడు. ఇంకోటి, చేతిపని జరుగుతున్న చాప మీద తిండి పెట్టకండి. పని ముగించి, చేతులు కడిగి, వేరే చోట కూర్చోబెట్టి పెట్టండి. లేకపోతే మూడేళ్లవాడికి చోడి ఉండకీ మట్టి ఉండకీ తేడా తెలియదు.

శుక్రవారం డబ్బా సర్దేటప్పుడు ఇడ్లీలు పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి, ఆవిరి పట్టిందంటే పదింటికల్లా జిగురొస్తుంది. చోడి ఉండల్లో నువ్వులు ఉన్నాయి కాబట్టి క్లాసులో ఎవరికైనా నువ్వులో, పల్లీలో పడవేమో టీచర్‌ని బుధవారమే అడగండి. పడని పిల్ల ఉంటే నువ్వుల పొడి మానేసి కొబ్బరి వేస్తే సరిపోతుంది.